గూడ్సుకే ప్రత్యేక లైను ఉన్న దేశంలో మన గుజ్జు డ్రమ్ములు ఎందుకు ఆగిపోయాయి?

గుజ్జు_గుమాస్తా (చిత్తూరు)
2025, ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూస్తుంటాను. రైళ్ళ గురించి నాకు తెలిసింది టికెట్ కన్‌ఫర్మ్ అయిందా లేదా అన్నంతవరకే. అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పోయిన సీజను తోతాపురి గుజ్జు మూడు కంటైనర్లు మే నెలలో పంపాం. చెన్నై రేవులో ఓడెక్కి, ఎర్రసముద్రం గొడవల వల్ల ఆఫ్రికా కొస చుట్టూ తిరిగి, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు చేరాయి. అన్ని వారాలు సముద్రంలో ఏ ఇబ్బందీ లేకుండా పోయిన సరుకు గట్టెక్కాక ఆగిపోయింది! కొన్నవాళ్ళు జర్మనీలో డ్యూయిస్‌బర్గ్ దగ్గర ఉంటారు. బేటువె అనే గూడ్సు మార్గం అవతల పనులు జరుగుతున్నాయని, రైల్లో చోటు దొరకలేదని, పది రోజులు పట్టొచ్చని నిన్న మెయిల్ పెట్టారు. మా ఓనరు నా మొహం చూస్తున్నాడు, ఆ రైలు నేనే ఆపినట్టు.

మ్యాప్ తెరిచి చూశా. రేవు నుంచి జర్మనీ సరిహద్దు దాకా ఒక గీత ఉంది, అదే ఈ బేటువె. దాని మీద గూడ్సు తప్ప ప్యాసింజరు బండ్లు తిరగవట. మరి గూడ్సు కోసమే లైను వేసుకున్నాక గూడ్సు ఎందుకు ఆగాలి? మనకు ఇట్లాంటిది ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.


కపిలతీర్థం_కాఫీ (తిరుపతి)
ఆదివారం, ఉదయం 10:31

గూడ్సు పోతుంటే మనం పక్కన ఆపే లూప్‌లైన్లో కూర్చుని వేరుశనక్కాయలు తినే బాధ అక్కడ లేదన్నమాట. వీసాకు ఎంతవుతుందో కనుక్కో అన్నా.


నగరి_టు_నైమెగన్ (నెదర్లాండ్స్)
ఆదివారం, మధ్యాహ్నం 1:05

అన్నా, నేను నగరి వాణ్ణి. ఆరేళ్ళుగా ఇక్కడ నైమెగన్‌లో ఉంటున్నా. పని మీద ఆర్న్‌హెమ్ పోయేటప్పుడు నా ప్యాసింజరు రైలు ఎల్స్ట్ అనే ఊరి దగ్గర ఈ గూడ్సు లైనును దాటుతుంది. కాబట్టి వారానికి రెండుసార్లయినా దాని మొహం చూస్తాను.

ముందు పేరు సంగతి. బేటువె అంటే ఊరు కాదు, సీమ. రెండు ఏర్ల మధ్య ఉన్న మాగాణి. ఆపిల్, పియర్, చెర్రీ తోటలు. ఏప్రిల్‌లో పూత చూడ్డానికి జనం సైకిళ్ళేసుకుని వస్తారు. మన దామలచెరువు, బంగారుపాళెం తోటల మధ్య నుంచి ఒక గూడ్సు లైను వేస్తే ఎట్లుంటుందో అట్లా అనుకో. ఊళ్ళవాళ్ళు ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి గొడవ చేశారు. అందుకే ఈరోజు ఆ లైను పొడుగునా శబ్దం ఆపే గోడలు, ఊళ్ళ కింద సొరంగాలు, పొలాల పక్కన కట్టలు కనిపిస్తాయి. చాలా దూరం ఏ15 హైవేని ఆనుకునే పోతుంది, తోటలు మళ్ళీ రెండు ముక్కలు కాకుండా.

మొత్తం పొడవు దాదాపు 160 కిలోమీటర్లు. సముద్రాన్ని పూడ్చి కట్టిన మాస్‌వ్లాక్తె టెర్మినళ్ళ దగ్గర మొదలై, రేవు లోపలి పాత లైను మీదుగా కైఫ్‌హుక్ యార్డుకు వస్తుంది. అక్కణ్ణుంచి జేవెనార్ దాకా కొత్తగా వేసిన జంట లైను. జేవెనార్ దాటితే జర్మనీ. 2007 జూన్ 16న రాణి బేయాట్రిక్స్ ప్రారంభించింది. ఖర్చు 470 కోట్ల యూరోలు. మొదట వేసిన అంచనాకు ఇది కొన్ని రెట్లు. ప్రైవేటు వాళ్ళు పెట్టుబడి పెడతారని ఆశపడ్డారు గానీ ఎవరూ రాలేదు, అంతా ప్రభుత్వమే మోసింది.

ఇక నీ కంటైనర్ ఎందుకు ఆగిందంటే, ఆగింది ఈ లైన్లో కాదు. సరిహద్దు అవతల ఎమ్మెరిచ్ నుంచి ఓబర్‌హౌజెన్ దాకా 70 కిలోమీటర్ల పైచిలుకు పాత జర్మన్ లైను ఉంది. అందులోనే ప్యాసింజర్లు, అందులోనే ఎక్స్‌ప్రెస్‌లు, అందులోనే ఈ గూడ్సులన్నీ. అక్కడ మూడో లైను వేస్తామని రెండు ప్రభుత్వాలు 1992లోనే సంతకాలు చేసుకున్నాయి. డచ్ వాళ్ళు, అంటే ఈ నెదర్లాండ్స్ వాళ్ళు, 2007కి తమ వాటా పూర్తిచేసి కూర్చున్నారు. జర్మనీ వైపు అసలు పని మొదలయ్యేసరికి ఇంకో పదేళ్ళు. ఇప్పుడు ఆ పని కోసమే 2024 నవంబరు నుంచి 80 వారాల పాటు బండ్లు తగ్గించారు. ఎక్కువ రోజులు ఒకే లైను మీద నడుపుతారు, మధ్యలో కొన్ని వారాలు పూర్తిగా మూసేస్తారు. మిగతా బండ్లను వెన్లో మీదుగా, బాడ్ బెంట్‌హైమ్ మీదుగా చుట్టు తిప్పుతున్నారు. నీ డ్రమ్ములు అందుకే చోటు దొరక్క రేవులో కూర్చున్నాయి.


లెక్కల_మాస్టారు (పుత్తూరు)
ఆదివారం, మధ్యాహ్నం 2:20

470 కోట్ల యూరోలను 160తో భాగిస్తే కిలోమీటరుకు దాదాపు 3 కోట్ల యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే 300 కోట్లకు కాస్త తక్కువ. మన తిరుపతి–పాకాల–కాట్పాడి డబ్లింగ్‌కు, అంటే రెండో లైనుకు, 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకున్నది 104 కిలోమీటర్లకు 1,332 కోట్లు. కిలోమీటరుకు 13 కోట్లు కూడా పడదు.

అంత పోసి సరిహద్దు దాకా రాజమార్గం వేసి, అవతల సందులోకి తోశారు. ఇంటి ముందర నాలుగు లేన్ల రోడ్డు వేయించుకుని వీధి చివర గేటు తెరిపించుకోలేని మనిషిని ఏమంటారు?


కపిలతీర్థం_కాఫీ (తిరుపతి)
ఆదివారం, మధ్యాహ్నం 2:24

మా కాలనీ అసోసియేషన్ అంటారు సార్.


ట్రాక్_పిచ్చోడు (తిరుపతి, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం)
ఆదివారం, సాయంత్రం 4:48

బేటువె లైను గురించి ఒక మంచి విషయం. నెదర్లాండ్స్‌లో మిగతా కరెంటు లైన్లు చాలావరకు 1,500 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. ఈ గూడ్సు లైనుకు 25 కెవి (25 వేల వోల్టులు), 50 హెర్ట్జ్ ఏసీ ఇచ్చారు. అంటే మన రేణిగుంటలో పైన వేలాడే కరెంటే! జర్మనీ పోతే మళ్ళీ మారిపోతుంది, 15 కెవి, 16.7 హెర్ట్జ్. అందుకని ఈ దారిలో తిరిగే ఇంజన్లు ఒకటికి మించి కరెంట్లు తాగగలిగినవై ఉండాలి. మామూలు డచ్ ఇంజన్ ఆ లైను మీద ఒక అడుగు కదలదు.

సిగ్నల్ స్తంభాలు కూడా ఉండవు. ఈఆర్‌టీఎంఎస్ లెవెల్ 2 అనే యూరప్ సిగ్నల్ పద్ధతి. ఎంత దూరం పోవచ్చు, ఎంత వేగంతో పోవచ్చు అన్నది రేడియోలో వచ్చి డ్రైవరు ముందు స్క్రీన్ మీద పడుతుంది. కొత్తగా వేసిన భాగంలో లెవెల్ క్రాసింగులు లేవు. గంటకు 120 కిలోమీటర్లు.

పైగా డబుల్ స్టాక్! మన దగ్గర గూడ్సుకే వేసిన వెస్టర్న్ కారిడార్ లాగా కంటైనర్ మీద కంటైనర్ పెట్టి లాగుతారు.


నగరి_టు_నైమెగన్ (నెదర్లాండ్స్)
ఆదివారం, సాయంత్రం 5:30

తమ్ముడూ, కరెంటు సంగతి కరెక్ట్. డబుల్ స్టాక్ మాత్రం లేదు. సొరంగాలను ఆ ఎత్తుకు సరిపడేలా కట్టిన మాట నిజమే. కానీ సరిహద్దు దాటాక జర్మనీలో వంతెనలు, తీగలు ఆ ఎత్తులో లేవు. రెండంతస్తులు పెట్టుకుని జేవెనార్ దాకా వచ్చి ఏం చేయాలి, పై అంతస్తు దించి నెత్తిన పెట్టుకోవాలా? ఆరేళ్ళలో నేను ఒక్కటి కూడా చూడలేదు.


ట్రాక్_పిచ్చోడు (తిరుపతి, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం)
ఆదివారం, సాయంత్రం 5:34

ఓకే అన్నా, తప్పు నాదే. సొరంగం ఎత్తు చూసి రాసేశా.


రిటైర్డ్_గార్డు (రేణిగుంట)
ఆదివారం, రాత్రి 9:15

ఆలస్యంగా చూశాను. గుంతకల్లు డివిజన్లో ముప్పై రెండేళ్ళు గూడ్సు గార్డుగా చేసి దిగినవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. మేం కూర్చునే బ్రేక్ వ్యాన్ మాత్రం అదే, కుదుపూ అదే.

గుమాస్తా బాబూ, మనకు ఇట్లాంటిది ఉందా అని అడిగావు. దాదాపు ఉంది. నీకు వంద మైళ్ళ లోపే ఉంది. కృష్ణపట్నం రేవు నుంచి వెంకటాచలం మీదుగా ఓబులవారిపల్లెకు వేసిన లైను, 113 కిలోమీటర్లు. రేవును దేశ సరిహద్దుతో కాక లోపలి సీమతో కలుపుతుంది, అదే తేడా. వెలిగొండల కింద చెర్లోపల్లి, రాపూరు మధ్య ఆరున్నర కిలోమీటర్లకు పైన సొరంగం తొలిచారు. తెరిచిన నాటికి దేశంలో కరెంటు లైనున్న సొరంగాల్లో అదే పొడవైంది. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు జాతికి అంకితం చేశారు. నేను దిగిపోయాక వచ్చింది. దాని మీద నేను పని చేయలేదు, ఆ బాధ ఉంది.

అది ఎందుకు కావాల్సి వచ్చిందో మాత్రం నాకంటే బాగా తెలిసినవాళ్ళు తక్కువ. ఆ లైను లేనప్పుడు కృష్ణపట్నంలో దిగిన బొగ్గు కడప వైపు పోవాలన్నా, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి రేవుకు రావాలన్నా గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, యేర్పేడు, రేణిగుంట. ఇదే దారి. రేణిగుంట అంటే నాలుగు దిక్కుల బండ్లూ వచ్చి పడే చోటు. మద్రాసు, బొంబాయి, గూడూరు, తిరుపతి. అందులో దేవుడి దగ్గరికి పోయే బండ్లకు ముందు దారి ఇవ్వాలి కదా. బ్రహ్మోత్సవాల రోజుల్లో స్పెషళ్ళు పడితే మా గూడ్సును యేర్పేడు లూపులో పెట్టి మరిచిపోయేవాళ్ళు. డ్యూటీ గంటలు అక్కడే అయిపోయేవి. ఒకసారి పొద్దున కట్టుకున్న క్యారియర్ మధ్యాహ్నం, రాత్రి రెండు పూటలా అక్కడే తిన్నాను. పెరుగన్నం కాబట్టి సరిపోయింది, పులిహోర అయ్యుంటే బాగుండేది.

ఆ బొగ్గు, రాయి అంతా ఇప్పుడు రేణిగుంట మొహం చూడకుండా కొండ కింద నుంచి పోవచ్చు. కాకపోతే ఓబులవారిపల్లెలో ఎక్కేది మళ్ళీ మద్రాసు–బొంబాయి మెయిన్ లైనే. అక్కడ మెయిళ్ళు, ఎక్స్‌ప్రెస్‌లు. నగరి ఆయన చెప్పిన జేవెనార్ సంగతి చదువుతుంటే నాకు ఓబులవారిపల్లె యార్డే కళ్ళ ముందు కనిపించింది.

25 కెవి అని చదివి సంతోషం వేసింది. బొంబాయి లోకల్ లైన్లలో వెనక 1,500 డీసీయే ఉండేది, తర్వాత మార్చారు. కరెంటు మారే చోట ఇంజన్ మార్చడమంటే ఎంత టైమ్ పోతుందో మాకు తెలుసు. ఇంజన్ విప్పాలి, ఇంకోటి తగిలించాలి, బ్రేక్ పవర్ చూసుకోవాలి. ఒకే ఇంజన్ రెండు దేశాల్లో పోతుందంటే గార్డుకు గంట నిద్ర మిగిలినట్టే.


తోటకాడ_సుబ్బు (బంగారుపాళెం)
సోమవారం, ఉదయం 6:02

పెద్దాయనా నమస్కారం. గుమాస్తా అన్నా, మీ డ్రమ్ము రోటర్‌డామ్‌లో పది రోజులు ఆగితే చర్చ పెట్టారు. పోయిన వారం నా ట్రాక్టరు ఒక ఫ్యాక్టరీ గేటు ముందర రెండు పగళ్ళు, ఒక రాత్రి ఆగింది. డ్రమ్ములోది చెడిపోదు. ట్రాలీలో కాయ ఎండకు ఏమవుతుందో తెలుసు కదా. టోకెన్ తీసుకున్నా అంతే, తీసుకోకున్నా అంతే.

ఈ 2025 సీజనుకు కిలోకు ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం పన్నెండు అన్నారు. మాట బాగానే ఉండాది. కాయ తీసుకునేవాడు గేటు తెరిస్తే కదా. గోడౌన్లో పాతది ఉంది, కొత్తది ఎక్కడ పెట్టేది అంటారు. ఆ పాతది మీరు చెప్పే ఆ లైన్లో ఇరుక్కుందేమో నాకేం తెలుసు.


గుజ్జు_గుమాస్తా (చిత్తూరు)
సోమవారం, ఉదయం 8:40

సుబ్బన్నా, నీ కోపం న్యాయమే. దాచేదేమీ లేదు, పాత సరుకు పోకపోతే కొత్త కాయ మీద చెయ్యి రాదు. ఒక్క లైను వల్లే ఇదంతా అని నేను అనను. కొనేవాడు రేటు తగ్గించడం ఉంది, ఓడ ఆలస్యం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి. కానీ సరుకు ఆలస్యంగా చేరితే డబ్బు ఆలస్యం, డబ్బు ఆలస్యమైతే గేటు ఆలస్యం. ఆ వరస మాత్రం నిజం.

పెద్దాయన గారికి ఒక ప్రశ్న. మా సరుకు చెన్నై దాకా లారీ మీదే పోతుంది. చిత్తూరు నుంచి రేవుకు నూట అరవై కిలోమీటర్లు అటూ ఇటూ. రైలు మీద పెట్టొచ్చు కదా? మా దగ్గర లెక్క ఇది: డ్రమ్ముకు 215 కిలోలు, ఇరవై అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు, అంటే 17.2 టన్నులు.


రిటైర్డ్_గార్డు (రేణిగుంట)
సోమవారం, ఉదయం 11:20

కంటైనర్ రేకుకు, అంటే ఒక పూర్తి గూడ్సుకు, 45 వ్యాగన్లు. వ్యాగన్‌కు ఇరవై అడుగులవి రెండు. తొంభై పెట్టెలు. నీ లెక్క ప్రకారం 7,200 డ్రమ్ములు, 1,548 టన్నులు. అదంతా ఒకే రోజు, ఒకే యార్డులో, ఒకే ఓడకు సిద్ధంగా ఉండాలి. మీ ఫ్యాక్టరీ ఒక్కటే అంత ఎప్పుడైనా పంపిందా?


గుజ్జు_గుమాస్తా (చిత్తూరు)
సోమవారం, ఉదయం 11:26

పంపలేదు సార్. మూడు, నాలుగు. పెద్ద ఆర్డరైతే పది.


రిటైర్డ్_గార్డు (రేణిగుంట)
సోమవారం, మధ్యాహ్నం 12:10

అదే చిక్కు. రైలుకు కావాల్సింది రెండే: ఎక్కువ సరుకు, ఎక్కువ దూరం. నూట అరవై కిలోమీటర్లకు రైలు ఎక్కించాలంటే ఫ్యాక్టరీ నుంచి యార్డుకు లారీ, యార్డులో క్రేను, మళ్ళీ రేవులో క్రేను. దానికి బదులు అదే లారీ నేరుగా రేవు గేటుకు పోతుంది.

రెండూ ఉంటే రైలును కొట్టేది లేదు. పాల సంగతి చూడండి. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లు వెనక ఎక్స్‌ప్రెస్‌కు తగిలించి పంపేవాళ్ళు. కరోనా లాక్‌డౌన్లో ఆ ఎక్స్‌ప్రెస్‌లు ఆగిపోతే, 2020 మార్చి 26 నుంచి పాలకే ప్రత్యేకంగా బండి వేశారు. దూధ్ దురంతో అని పేరు. ఆరు ట్యాంకర్లు, ఒక్కోదాంట్లో 40 వేల లీటర్లు. దాదాపు 2,300 కిలోమీటర్లు. మన చుట్టుపక్కల పల్లెల్లో చెంబుతో పోసిన పాలు ఒకచోట చేరాయి కాబట్టి 2 లక్షల 40 వేల లీటర్లు అయ్యాయి. మామిడి గుజ్జుకు అట్లా చేర్చే చోటు లేదు. ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కో లారీ మాట్లాడుకుంటుంది.


లెక్కల_మాస్టారు (పుత్తూరు)
సోమవారం, మధ్యాహ్నం 3:45

గార్డు గారి సూత్రాన్ని అక్కడికీ వర్తింపజేద్దాం. రోటర్‌డామ్ నుంచి డ్యూయిస్‌బర్గ్ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అదీ దగ్గర దూరమే. పైగా పక్కనే రైన్ నది, ఓడలు నేరుగా డ్యూయిస్‌బర్గ్ రేవుకు పోతాయి. నదికి పట్టాలు వేయనక్కర్లేదు. ఆ రేవులో కంటైనర్లు బయటికి పోయే మూడు దారుల్లో, అంటే లారీ, పడవ, రైలు, రైలుదే చిన్న వాటా. మరి 470 కోట్లు ఎందుకు?


నగరి_టు_నైమెగన్ (నెదర్లాండ్స్)
సోమవారం, రాత్రి 8:50

మాస్టారూ, ఇక్కడి వాళ్ళు కూడా ముప్పై ఏళ్ళుగా ఇదే వాదించుకుంటున్నారు. రెండు మాటలు చెబుతా.

ఒకటి, లైను డ్యూయిస్‌బర్గ్ కోసం మాత్రమే కాదు. రోటర్‌డామ్ నుంచి రైన్ లోయ వెంట స్విట్జర్లాండ్, ఆల్ప్స్ దాటి ఇటలీలో జెనోవా దాకా పోయే గూడ్సు దారికి ఇది మొదటి మెట్టు. స్విస్ వాళ్ళు 2016లో 57 కిలోమీటర్ల గోతార్డ్ సొరంగం తెరిచారు. అంత దూరమైతే గార్డు గారు చెప్పిన రెండో షరతు నెరవేరుతుంది. గొలుసులో డచ్ కొస గట్టిది, స్విస్ నడుము గట్టిది, మధ్యలో జర్మనీ ముక్కలు ఇంకా సాగుతున్నాయి.

రెండోది నది. 2018లో, మళ్ళీ 2022 వేసవిలో వానలు లేక రైన్ ఎండింది. కౌబ్ అనే చోట నీళ్ళు తగ్గితే పడవలన్నీ సగం ఖాళీగా పోవాల్సిందే, లేకపోతే అడుగు తగులుతుంది. నేను ఇక్కడికి వచ్చాక 2022లో చూశా, నైమెగన్ వంతెన కింద వాల్ నదిలో ఇసుక దిబ్బలు బయటపడ్డాయి. స్వర్ణముఖిని చూసి పెరిగినవాణ్ణి కాబట్టి నాకు వింతగా అనిపించలేదు, ఇక్కడి వాళ్ళు మాత్రం ఫొటోలు తీసుకున్నారు. ఆ నెలల్లో అందరికీ రైలు గుర్తొస్తుంది.

అంత మాత్రాన పెట్టిన డబ్బంతా గిట్టిందని నేను అనను. మొదటి ఏళ్ళలో బండ్లు తక్కువే తిరిగాయి.


తోటకాడ_సుబ్బు (బంగారుపాళెం)
సోమవారం, రాత్రి 9:05

స్వర్ణముఖిలో నీళ్ళుంటే కదా తగ్గేది.


ట్రాక్_పిచ్చోడు (తిరుపతి, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం)
సోమవారం, రాత్రి 10:30

ఈసారి సరిచూసుకునే రాస్తున్నా. మన డెడికేటెడ్ కారిడార్లలోనూ ఇదే కథ. వెస్టర్న్ కారిడార్ ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ రేవు నుంచి ఢిల్లీ దగ్గర దాద్రీ దాకా 1,506 కిలోమీటర్లు. రెండంతస్తుల కంటైనర్లకు తీగను ఏడు మీటర్ల పైన కట్టారు. 2021 జనవరి 7న రేవాడీ–మదార్ ముక్క తెరిచి కిలోమీటరున్నర పొడవు బండి నడిపారు. యూరప్‌లో గూడ్సుకు మామూలుగా 740 మీటర్లే హద్దు, పోల్చుకోండి. కానీ అన్నిటికంటే వెనకబడింది ఏ ముక్కో తెలుసా? వైతరణ నుంచి రేవు దాకా. రేవు కోసం వేసిన లైనులో రేవు ముక్కే చివరికి మిగిలింది.

మన వైపు ఖరగ్‌పూర్–విజయవాడ, ఇటార్సీ–విజయవాడ కారిడార్ల మాట బడ్జెట్‌లో వచ్చింది. అవి వచ్చినా విజయవాడతో ఆగుతాయి. అక్కణ్ణుంచి గూడూరు దాకా పాత దారే.


కపిలతీర్థం_కాఫీ (తిరుపతి)
సోమవారం, రాత్రి 10:41

ఈ విషయానికి సంబంధం లేదు కానీ, ఆ డచ్ లైను తవ్వుతుంటే ఏదో అస్థిపంజరం దొరికిందని చదివా. నిజమా?


నగరి_టు_నైమెగన్ (నెదర్లాండ్స్)
మంగళవారం, మధ్యాహ్నం 12:15

నిజమే. 1997లో హార్డింక్స్‌వెల్డ్ దగ్గర. ఏడు వేల ఏళ్ళకు పైబడిన ఆడమనిషి అస్థిపంజరం. ఈ దేశంలో దొరికిన వాటిలో అదే పాతది. ఆమెకు ట్రైన్‌చె అని పేరు పెట్టారు. అది ఇక్కడ ఆడవాళ్ళ పేరే. కానీ చిన్న రైలు అనే డచ్ మాట కూడా సరిగ్గా అట్లాగే పలుకుతుంది.


మోడరేటర్
మంగళవారం, మధ్యాహ్నం 2:00

మామిడి ధర మీద పార్టీల పేర్లు పెట్టి రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. లైను గురించి రాయండి, తోట గురించి రాయండి, ఎన్నికల గురించి వద్దు.


లెక్కల_మాస్టారు (పుత్తూరు)
మంగళవారం, రాత్రి 7:30

నేను అడిగిన గేటు ప్రశ్నకు జవాబు నాకే తట్టింది. డచ్ వాళ్ళు జర్మనీ కోసం ఎదురుచూసి ఉంటే వాళ్ళది కూడా ఇప్పుడే మొదలయ్యేది. అప్పుడు ఈ 80 వారాల తర్వాత కూడా ఏమీ ఉండదు. కాబట్టి వాళ్ళు ముందు వేయడం తప్పని ఇప్పుడు అనలేను. అయితే ఒప్పందంలో గట్టి తేదీ రాయించుకోకపోయి ఉంటే అది తప్పే. తిరుపతిలో ఇల్లు కట్టేవాడు కూడా మేస్త్రీ దగ్గర స్లాబు తేదీ రాయించుకుంటాడు.


రిటైర్డ్_గార్డు (రేణిగుంట)
మంగళవారం, రాత్రి 8:10

మేస్త్రీ తేదీ ఇస్తాడు మాస్టారూ. స్లాబు ఇవ్వడు.


గుజ్జు_గుమాస్తా (చిత్తూరు)
శనివారం, సాయంత్రం 6:22

అందరికీ ధన్యవాదాలు. కబురు వచ్చింది. రెండు కంటైనర్లను పడవలో ఎక్కించి రైన్ మీదుగా డ్యూయిస్‌బర్గ్ పంపేశారట. గురువారం చేరాయి. మూడోది రైలెక్కింది గానీ వెన్లో మీదుగా చుట్టు తిరిగి పోతోంది, సోమవారానికి వస్తుందంటున్నారు. అంటే మా గుజ్జు అసలు బేటువె లైనంతా చూసే భాగ్యమే లేకుండా పోయింది.

ఈ చర్చ అంతా ప్రింట్ తీసి మా ఓనరు బల్ల మీద పెట్టా. చదివాడు. పక్క ఫ్యాక్టరీల వాళ్ళతో కలిసి ఒకే తేదీకి బుక్ చేస్తే రేటు ఎంత తగ్గుతుందో కనుక్కోమన్నాడు, లారీకి, రైలుకి రెండిటికీ. ఏడు ఫోన్లు చేశా. ముగ్గురు ఎత్తారు. ఒకాయన సీజను అయ్యాక మాట్లాడదాం అన్నాడు, ఇద్దరు సరే అన్నారు.

సుబ్బన్నా, నీ ట్రాలీ ఈసారి ఏ రోజు వస్తుందో ముందు రోజు నాకు చెప్పు. గేటు నా చేతిలో లేదు, కానీ టోకెన్ల పుస్తకం రాసే అబ్బాయి నా పక్క బల్లే.


తోటకాడ_సుబ్బు (బంగారుపాళెం)
శనివారం, సాయంత్రం 6:50

బుధవారం. నాలుగు టన్నులు.


కపిలతీర్థం_కాఫీ (తిరుపతి)
శనివారం, రాత్రి 9:37

నేను గూడూరు నుంచి తిరుపతి వస్తున్నా. యేర్పేడులో బండి ఆగి ఇరవై నిమిషాలైంది. పక్క లూపులో బొగ్గు గూడ్సు ఒకటి ఉంది పెద్దాయనా, అది కొండ కింద నుంచి పోవాలి కదా, ఇక్కడేం చేస్తోంది?


రిటైర్డ్_గార్డు (రేణిగుంట)
శనివారం, రాత్రి 9:41

ఇంజన్ ఎటువైపు ఉందో చూడు. రేణిగుంట వైపా, గూడూరు వైపా? గార్డు కనిపిస్తే తిన్నాడో లేదో అడుగు.